91వ కీర్తన చదవలేకపోతున్నాను: ఈ రోగకాలంలో ఇక ఏ మాటలతో ప్రార్థించాలి?

ప్రశ్న: తెనాలి కుమార్తె, 2021 జూన్ 20

అందరికీ ప్రభువు నామమున వందనములు.

మా నాన్నగారు గత నెల రెండో వారంలో కోవిడ్‌తో చనిపోయారు. ఆయన వయసు 71 సంవత్సరాలు. తెలుగు పంతులుగా పనిచేసి విరమించారు. మా సంఘంలో నలభై ఏళ్లపాటు గాయక బృందంలో పాడారు. జ్వరం మొదలైన రాత్రి నుంచి ఆసుపత్రిలో ఊపిరి ఆగిన ఉదయం వరకు 13 రోజులు గడిచాయి. ఆ 13 రోజులూ మా ఇంట్లో ఉదయం, సాయంత్రం, దేవుడు తెగులు నుంచి కాపాడతాడని చెప్పే 91వ కీర్తనను బిగ్గరగా చదివాం. సంఘంవారు గొలుసు ప్రార్థన పెట్టి, అరగంటకు ఒకరు చొప్పున పేర్లు రాసుకుని, రాత్రి రెండు గంటలకూ మూడు గంటలకూ కూడా ఎవరో ఒకరు మోకాళ్ల మీద ఉండేటట్లు చూశారు. ఆ ప్రేమను నేను మరచిపోలేను. ఆక్సిమీటరులో అంకె 91కి దిగిన రోజున మా చిన్నమ్మ దాన్నే దేవుడిచ్చిన సూచన అనుకుని సంతోషపడింది. మరునాడు అది 86కి దిగింది.

నాన్నగారి భూస్థాపనకు నన్ను, మా తమ్ముణ్ణి మాత్రమే రానిచ్చారు. పెట్టె తెరవలేదు. పాస్టరు గారు ఫోనులో ప్రార్థన చేస్తుంటే స్పీకరు పెట్టి సమాధి దగ్గర పట్టుకున్నాం. గాలికి సగం మాటలు వినబడలేదు. నలభై ఏళ్లు ఇతరుల భూస్థాపనలలో పాడిన మనిషికి ఒక్క పాట కూడా లేకుండా మట్టి వేసి వచ్చాం.

అదే వారం మా వీధిలోనే ఉన్న మరొక విశ్వాసి ఆసుపత్రి నుంచి క్షేమంగా ఇంటికి వచ్చారు. ఆయన ఆదివారం ఆన్‌లైన్ ఆరాధనలో సాక్ష్యం చెబుతూ, 91వ కీర్తనను విడువకుండా పట్టుకున్నందువల్లనే ప్రభువు తనను బ్రతికించాడని అన్నారు. ఆయన బ్రతికినందుకు నాకు నిజంగా సంతోషమే. కానీ అదే కీర్తనను మేమూ పట్టుకున్నాము కదా. తరువాత జూమ్‌లో మాకు పెట్టిన ఆదరణ కూడికలో ఒక పెద్దాయన, ఎక్కడో విశ్వాసంలో లోపం లేకపోతే ఇలా జరగదని, ఇంటిల్లిపాదీ తమను తాము పరీక్షించుకోవాలని అన్నారు. మా అమ్మ ఆ మాట విని ఏమీ అనకుండా కెమెరా ఆపేసింది.

నా ప్రశ్న ఇది. నేను ఇప్పుడు బైబిలు తెరిచినా ఆ కీర్తన ఉన్న పుట రాగానే మూసేస్తున్నాను. ప్రార్థనకు కూర్చుంటే కృతజ్ఞతాస్తుతులతో మొదలుపెట్టాలన్న అలవాటు కొద్దీ నోరు తెరుస్తాను, తరువాత మాట రాదు. వచ్చేది కోపమే. దేవునితో కోపంగా మాట్లాడటం పాపమా? "ఏ తెగులును నీ గుడారమును సమీపించదు" అన్న వాగ్దానాన్ని మా గుడారంలోకి తెగులు వచ్చి వెళ్లిన తరువాత ఎలా చదవాలి? దయచేసి "దేవుని చిత్తం" అన్న ఒక్క మాటతో ముగించవద్దని వేడుకుంటున్నాను. ఆ మాట ఇప్పటికి చాలామంది చెప్పారు.


జవాబు 1: ఏలూరు విశ్రాంత కాపరి, 2021 జూన్ 20

అమ్మా, మీ నాన్నగారి వంటి గాయకులు ఉన్న సంఘాలకు కాపరిగా ఉండే భాగ్యం నాకు ముప్పై ఐదేళ్లు దక్కింది. పాట లేకుండా ఆయనను సాగనంపవలసి వచ్చిందన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ముందుగా ఒక ఒప్పుకోలు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైన తరువాత నేనూ ఫోనులో వాక్యం చెప్పాను. మొదటి వారమే 91వ కీర్తన తీసుకుని, మన సంఘంలో ఒక్క తలవెంట్రుక కూడా రాలదని ధైర్యంగా ప్రకటించాను. ఆ సంవత్సరం ఆగస్టులో మా పెద్దలలో ఇద్దరిని పోగొట్టుకున్నాం. కాబట్టి ఇప్పుడు రాస్తున్నది పండితుడిగా రాస్తున్నది కాదు, ఆ ప్రకటనను వెనక్కి తీసుకోవలసి వచ్చిన మనిషిగా రాస్తున్నాను.

ఆదరణ కూడికలో ఆ పెద్దాయన అన్న మాటను మీరు మోయవలసిన పని లేదు. పౌలు చేతి రుమాళ్లు తగిలితేనే రోగులు బాగుపడ్డారని అపొస్తలుల కార్యములలో చదువుతాం. అదే పౌలు తన చివరి ఉత్తరంలో, తన సహచరుడు త్రోఫిము రోగిగా ఉన్నందున అతన్ని మిలేతులో విడిచి వచ్చానని రాశాడు. పౌలుకు విశ్వాసం తగ్గిందని గాని, త్రోఫిము ఇంట్లో ఏదో పాపం దాగిందని గాని ఎవరూ అనలేదు. ఆ వాక్యం మీద నేను ఒక్క ప్రసంగం కూడా చేయలేదని ఇప్పుడు గుర్తుకు వస్తున్నది. సిలోయములోని గోపురము పడి చచ్చిన ఆ పద్దెనిమిదిమంది యెరూషలేములో ఉన్న ఇతరులకంటే ఎక్కువ అపరాధులా అని అడిగి, కాదని ప్రభువే చెప్పాడు. బ్రతికినవారిని చూసి చనిపోయినవారి లెక్క కట్టడాన్ని ఆయన ఆనాడే అడ్డుకున్నాడు.

మీ ప్రశ్న కొత్తది కాదు. మూడో శతాబ్దం మధ్యలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజు నగరాన్ని ఒక భయంకరమైన తెగులు పట్టింది. అప్పటి బిషప్పు సిప్రియను. అన్యులతో సమానంగా మనవారికీ ఈ రోగం వస్తున్నదేమిటని కొందరు విశ్వాసులు కలవరపడ్డారు. ఆయన వారికిచ్చిన జవాబులో మనం గుర్తుపట్టగలిగిన పోలికలు ఉన్నాయి: పంట పండని ఏడు కరువు అందరికీ ఒకటే, వాన కురవకపోతే ఎండ అందరికీ ఒకటే, ఓడ బండకు తగిలితే అందులో ఉన్నవారందరికీ అది ఒకటే ప్రమాదం. ఈ శరీరంలో ఉన్నంతకాలం శరీరానికి వచ్చేవి మనకూ వస్తాయని ఆయన భావం. మన బైబిలులో ఈ కీర్తనలోని రోగానికి వాడిన మాట కూడా "తెగులు" అనేదే. మన డెల్టా రైతుకు తెగులంటే వరికి పట్టేది. అది ప్రార్థనాపరుని చేను ఇది, పక్కవాని చేను అది అని గట్టు చూసి ఆగదు. ఈ సంగతి పొలంలో తెలిసిన మనకు గుడిలో కూర్చున్నప్పుడు ఎందుకు మరుపుకు వచ్చిందో నాకు అర్థం కాదు.

ఇక కీర్తన సంగతి. సువార్తలలో అపవాది, అంటే సాతాను, ఎత్తి చూపిన లేఖనం ఈ ఒక్క 91వ కీర్తనే. యేసును దేవాలయ శిఖరమున నిలువబెట్టి, దూతలు నిన్ను చేతులతో ఎత్తికొందురని రాసి ఉన్నది గనుక క్రిందికి దుముకుమన్నాడు. కీర్తనలో ఉన్న "నీ మార్గములన్నిటిలో" అన్న మాటను మాత్రం వదిలిపెట్టాడు. అంటే ఈ కీర్తనను జీవితం నుంచి తెంచి, ప్రమాదం రాదనే పత్రంగా చూపించడం అపవాది మొదట చేసిన పని. "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు" అని యేసు జవాబిచ్చాడు. ఆ తరువాత దూతలు ఎత్తుకోని సిలువ దగ్గరకు ఆయన నడిచి వెళ్లాడు. కనుక ఈ కీర్తన నెరవేరనట్లు కనబడిన ఇళ్లలో మొదటిది మీ ఇల్లు కాదు.

నేను ఇప్పుడు ఈ కీర్తనలో నిలబడుతున్నది 15వ వచనం దగ్గర: "శ్రమలో నేనతనికి తోడై యుండెదను." శ్రమ రాకపోతే శ్రమలో తోడు అన్న మాటకు చోటెక్కడ? తెగులు సమీపించదన్న 10వ వచనాన్ని గోడకు అంటించుకున్నాం గాని 15వ వచనాన్ని అంటించుకోలేదు.

అయితే మీరు ఇప్పుడే ఆ కీర్తనకు తిరిగి రావాలని నేను చెప్పను. ప్రస్తుతానికి దాన్ని పక్కన పెట్టి, మూడు పుటలు వెనక్కి తిప్పి 88వ కీర్తన చదవండి. కోపం పాపమా అన్నారు. కీర్తనలలో దాదాపు మూడో వంతు విలాపాలే. వాటిలో చాలావరకు ఏడుపుతో మొదలై చివరకు స్తుతిలోకి మళ్లుతాయి, 88వది మాత్రం మళ్లదు. "వెలుపలికి రాకుండ నేను బంధింపబడియున్నాను" అన్న మాట అందులోనిదే. క్వారంటైను గదిలో కూర్చుని రాశారా అనిపిస్తుంది. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న చోట అది ఆగిపోతుంది. ఆమేన్ లేదు, స్తోత్రం లేదు. అయినా పూర్వులు దాన్ని తీసేయలేదు, చివర ఒక ఆదరణ వచనం అతికించలేదు. మన కూటములలో దీన్ని చదవగా నేను వినలేదు, నేను చదివించిందీ లేదు. స్తుతితోనే మొదలుపెట్టాలని మీకు నేర్పినది మేమే. ఆ నియమం బైబిలులో లేదు.

చదువుకున్నవారు కొందరు ప్రార్థన ఒక వైపు, మందు ఒక వైపు పెట్టి వాదిస్తున్నారు కాబట్టి మరొక్క మాట చెబుతాను. 1527లో జర్మనీలోని విట్టెన్‌బర్గుకు ప్లేగు వచ్చి విశ్వవిద్యాలయం యేనాకు తరలిపోయినప్పుడు, సంస్కర్త మార్టిన్ లూథరు వెళ్లక తన ఇంటినే రోగులకు ఆశ్రయంగా చేశాడు. బ్రెస్లావు కాపరి యోహాను హెస్సుకు రాసిన బహిరంగ లేఖలో తాను చేయబోయేది చెప్పాడు. దేవుడు కాపాడాలని వేడుకుంటాడు, ఇంటికి ధూపం వేస్తాడు, మందు ఇస్తాడు, తానూ వేసుకుంటాడు, తన అవసరం లేని చోటికి వెళ్లడు, పొరుగువానికి తన అవసరం ఉంటే మాత్రం వెళ్లకుండా ఉండడు. మందును తిరస్కరించి అదే విశ్వాసం అనుకునేవారు దేవుణ్ణి శోధిస్తున్నారని కూడా అన్నాడు. ఆ డిసెంబరులో ఆ ఇంట్లో పుట్టిన ఎలిజబెతు అనే పసిబిడ్డ మరుసటి ఆగస్టులో చనిపోయింది. తన గుండె ఇంతగా మెత్తబడుతుందని తానెన్నడూ అనుకోలేదని ఆ తండ్రి ఒక మిత్రునికి రాసుకున్నాడు. ఆయన దాచుకోని దుఃఖాన్ని మీరూ దాచుకోనక్కరలేదు.


జవాబు 2: హైదరాబాదు నర్సు, 2021 జూన్ 21

అక్కా, అయ్యగారు చెప్పినంత వాక్యజ్ఞానం నాకు లేదు. కోవిడ్ వార్డులో గత సంవత్సరం నుంచి పనిచేస్తున్నాను. కుటుంబాలు లోపలికి రాలేని ఆ చోట ఏ ప్రార్థనలు జరిగాయో మీవంటివారికి తెలియాలని రాస్తున్నాను.

పీపీఈ కిట్టు వేసుకుంటే ఆరు గంటలు నీళ్లు తాగడానికి లేదు. కళ్లద్దాలు మసకబారి రోగి ముఖం సరిగ్గా కనబడదు, వారికి మా ముఖం అసలే కనబడదు. కిట్టు మీద మా పేరు మార్కరుతో రాసుకునేవాళ్లం. నేను నా పేరు పక్కన చిన్న సిలువ గీసుకునేదాన్ని. దాన్ని చూసి కొందరు ప్రార్థన చేయమని సైగ చేసేవారు. ముక్కుకు, నోటికి బిగించిన మాస్కులో గాలి అంత వేగంగా కొడుతుంటే వారు మాట్లాడలేరు, మేము మాట్లాడినా ఆ హోరులో వారికి వినబడదు. నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన పద్ధతిలో ఐదారు నిమిషాల ప్రార్థన చేయబోతే రెండో వాక్యానికే వారి ఊపిరి నా మాటను దాటిపోయేది. అందుకని వారు ఊపిరి తీసేటప్పుడు "ప్రభువా" అని, విడిచేటప్పుడు "కరుణించు" అని చెవి దగ్గర చెప్పడం మొదలుపెట్టాను. ఊపిరిని బట్టి ప్రార్థన, అంతే. తూర్పు దేశపు ఆర్థడాక్సు సంఘాలలో సన్యాసులు ఇటువంటి ప్రార్థనను శతాబ్దాలుగా చేస్తున్నారని తరువాత ఒక డాక్టరు గారు చెప్పారు. నాకు అప్పుడు అది తెలియదు. వేరే దారి లేక చేశాను.

ఒక పెద్దావిడ ఉండేవారు, క్రైస్తవురాలు కాదు. పక్క మంచం ఆవిడకు నేను ప్రార్థన చేస్తుంటే చూసి, "మీ దేవుడికి నా సంగతి కూడా చెప్పమ్మా, మనవడికి ఫోను కలవడం లేదు" అన్నారు. ఆవిడ తన ప్రాణం గురించి అడగలేదు. నేను ప్రార్థించి, తరువాత వార్డు ట్యాబుతో మనవడికి ఫోను కలిపాను. ఆ రెండింటిలో ఏది ముందు చేయవలసిందో నాకిప్పటికీ తెలియదు.

నా సొంత ప్రార్థన గురించి మాత్రం మీకు చెప్పాలి, ఎందుకంటే మీరు మాట రావడం లేదని రాశారు. ఏప్రిల్ చివరి నుంచి నాకూ రాలేదు. డ్యూటీ దిగి గదికి వచ్చి మోకరిస్తే వాక్యాలు కుదిరేవి కావు. పేర్లు గుర్తు పెట్టుకుంటే తట్టుకోలేనని మంచం నంబర్లు మాత్రం చెప్పేదాన్ని: నాలుగు, ఏడు, పదకొండు. పదకొండో మంచంలో మనిషి మారిపోయేవారు, నంబరు అదే ఉండేది. కొన్ని రోజులు గడిచేసరికి నేనెవరి కోసం ప్రార్థిస్తున్నానో నాకే తెలిసేది కాదు. ఒక రాత్రి ఆ నంబర్లు చెప్పడం కూడా మానేసి నేల మీద పడుకుని మూలిగాను. రోమీయులకు రాసిన పత్రిక 8వ అధ్యాయంలో "ఉచ్చరింపశక్యముకాని మూలుగులతో" ఆత్మ మన పక్షముగా విజ్ఞాపన చేస్తున్నాడని ఉంటుంది కదా. నర్సింగు కాలేజీలో కంఠతా పట్టిన ఆ వాక్యంలోని "మూలుగు" అన్న మాటను రోగుల దగ్గర రోజూ వినేదాన్ని గాని, అది ప్రార్థన అయి ఉంటుందని అప్పటివరకు తట్టలేదు.

మీ నాన్నగారి దగ్గర ఎవరు ఉన్నారో నాకు తెలియదు. వట్టి మాట చెప్పి మిమ్మల్ని ఊరడించను. కానీ మా వార్డులో చేతికి రెండు గ్లవుజులున్నా చెయ్యి పట్టుకోకుండా ఎవరినీ పోనివ్వకూడదని మాలో మేము అనుకున్నాం, ఎక్కువసార్లు నిలబెట్టుకున్నాం. అన్నిసార్లూ కుదరలేదు.


జవాబు 3: ఖమ్మం నుంచి, కోలుకున్న ఒకరు, 2021 జూన్ 22

సహోదరీ, మీ వీధి విశ్వాసిని నేను కాను గాని, ఆయన చెప్పిన సాక్ష్యాన్నే అక్షరం పొల్లుపోకుండా నేనూ చెప్పాను. అందుకే మీ ప్రశ్న చదివి రెండు రోజులు జవాబు రాయలేకపోయాను.

నేను 19 రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. 91వ కీర్తన నాకు కంఠస్థం. రాత్రిళ్లు ఎవరినో చక్రాల మంచం మీద బయటికి తీసుకుపోతున్న చప్పుడు వినబడినప్పుడల్లా "నీ ప్రక్కను వేయిమంది పడినను" అన్న వచనం చెప్పుకునేవాణ్ణి. అది నన్ను నిలబెట్టిందని ఈరోజు కూడా చెబుతాను, అయ్యగారు ఎంత వివరించినా నేను ఆ కీర్తనను పక్కన పెట్టలేను. ఊపిరి అందనివాడికి వ్యాఖ్యానం పనికిరాదు, పట్టుకోవడానికి ఒక కొమ్మ కావాలి.

కానీ ఇంటికి వచ్చాక ఆ వచనాన్ని నేను చెప్పిన తీరు గుర్తుకు వచ్చి సిగ్గుపడ్డాను. నా పక్క మంచంలో పడిపోయినవాడు ఎవరు? కొత్తగూడెం వైపు నుంచి వచ్చిన ఒక యువకుడు, మా సంఘంవాడు కాదు గాని విశ్వాసే. తలగడ కింద కొత్త నిబంధన పెట్టుకున్నాడు. మేమిద్దరం బోర్లా పడుకుని ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ అదే కీర్తన పెదవులతో చెప్పుకున్నాం. తొమ్మిదో రోజు అతను పోయాడు. సాక్ష్యం చెప్పేటప్పుడు అతని ప్రస్తావనే నేను తేలేదు. తెస్తే నా సాక్ష్యం నిలబడదు మరి. "వేయిమంది" అని వారిని లెక్కగా చెప్పుకుని, నేను మాత్రం మనిషిగా మిగిలాను.

తరువాత మా సంఘంలో మళ్లీ అడిగినప్పుడు సాక్ష్యం మార్చి చెప్పాను: నేను బ్రతికాను, దానికి ప్రభువుకు స్తోత్రం, అతను బ్రతకలేదు, ఎందుకో నాకు తెలియదు, అతని తల్లికి మనం నెలనెలా ఏమి పంపగలం అని. కొందరికి నచ్చలేదు. సాక్ష్యమంటే దేవుని మహిమ చెప్పాలి గాని ప్రశ్న అడగకూడదన్నారు. కానుక మాత్రం పోగయింది, పంపుతున్నాం.

మీరు ఎలా ప్రార్థించాలో చెప్పే అర్హత నాకు లేదు. బ్రతికినవాడు ఎలా ప్రార్థించాలో మాత్రం కొంత తెలుసుకుంటున్నాను. మీ నాన్నగారి పేరు నాకు తెలియకపోయినా, ఇకమీదట "వేయిమంది" అన్న ఆ 7వ వచనం చదివినప్పుడు అక్కడ ఆగి ఆయన కోసం కృతజ్ఞత చెల్లిస్తాను.


జవాబు 4: విజయవాడ కథోలిక పాఠకుడు, 2021 జూన్ 22

నేను ఆర్‌సీఎం వాడిని, గుణదల దగ్గర ఉంటాను. ఇక్కడ ఎక్కువమంది ప్రొటెస్టంటు సోదరులే ఉన్నట్లున్నారు. ఒక మాట చేర్చడానికి అనుమతించండి.

మా సంప్రదాయంలో ఆదివారం రాత్రి, నిద్రకు ముందు చేసే ప్రార్థనలో 91వ కీర్తన ఉంటుంది. దీన్ని రోగం రాకుండా చదివే కీర్తనగా కాక, దీపం ఆర్పి కళ్లు మూసుకునే ముందు చదివే కీర్తనగా మఠాలలో శతాబ్దాలుగా వాడారు. నిద్రను మరణానికి పోలికగా తలచి, రెండింటికీ ఒకే అప్పగింతతో సిద్ధపడటం ఆ ప్రార్థన ఉద్దేశం. ఆ విధంగా చూస్తే, మీరు మీ నాన్నగారి కోసం 13 రోజులు చదివినది వృథాగా పోయిన కీర్తన కాదేమో, ఆయనకు చేసిన రాత్రి ప్రార్థన అయి ఉండవచ్చు.

కోపం గురించి అడిగారు. 2020 మార్చి 27 సాయంత్రం వానలో, ఒక్క మనిషి లేని సెయింట్ పీటర్స్ చౌకులో పోప్ ఫ్రాన్సిసు ప్రార్థన నడిపించడం మేము టీవీలో చూశాం. ఆయన ఎంచుకున్న సువార్త పాఠం మార్కు 4వ అధ్యాయంలోని తుపాను. అందులో శిష్యులు చేసిన ప్రార్థన ఏమిటో చూడండి: మేము నశించిపోతున్నాము, నీకు చింత లేదా? పడవలో నిద్రపోతున్న ప్రభువును లేపి నిష్ఠూరంగా అడిగిన మాట అది. అంతకంటే మర్యాద తక్కువ ప్రార్థన సువార్తలలో కష్టం మీద దొరుకుతుంది. ఆయన లేచి గాలిని గద్దించాడు. వారి అల్పవిశ్వాసాన్ని గురించి అడిగాడు గాని ఆ మాట అన్నందుకు వారిని పడవ దించలేదు. ఆనాడు అక్కడ నిలబెట్టిన సిలువ సాన్ మార్చెల్లో ఆలయానిది. 1522లో రోమాకు ప్లేగు వచ్చినప్పుడు జనం దాన్ని వీధివీధికీ ఊరేగించారు. ఐదు వందల ఏళ్ల తరువాత అదే సిలువ ముందు జనం లేకపోవడమే భక్తి అయింది. వానలో తడుస్తున్న ఆ కొయ్యబొమ్మను చూసి మా అమ్మమ్మ, స్వామికి గొడుగైనా పట్టరేమిరా అన్నది.

ఆన్‌లైన్ ఆరాధన అసలు ఆరాధనేనా అని మన రెండు వైపులా వాదించుకున్నాం కాబట్టి మిలాను సంగతి కూడా చెబుతాను. 1576లో అక్కడ ప్లేగు వచ్చి జనం ఇళ్లలో ఉండిపోయినప్పుడు, ఆర్చిబిషప్పు చార్లెస్ బొరొమేయో వీధి కూడళ్లలో బలిపీఠాలు పెట్టించి, కిటికీలలో నుంచి పూజ చూసే ఏర్పాటు చేశాడు. రోజుకు ఏడుసార్లు గంట కొడితే ఎవరి కిటికీ దగ్గర వారు నిలబడి ప్రార్థనకు జవాబు పలికేవారు. మన ఫోను తెర కూడా అటువంటి కిటికీయే అనుకుంటాను, కాకపోతే ఆ కిటికీలో నుంచి పక్కింటివాడి గొంతు కూడా వినబడేది, మనల్ని మ్యూటులో పెట్టారు.

చివరిగా, భూస్థాపనలో పాట లేదన్నారు. మేము చనిపోయినవారి కోసం నెల, సంవత్సరం పూజలు చేయించి, ఆ ఆత్మ కోసం ప్రార్థిస్తాం. మీరు చేయరని తెలుసు. అయినా ఆయనతో మీ మాట మట్టి వేసిన రోజుతో ఆగిపోవలసిన పని లేదని మా నమ్మకం.


ఏలూరు విశ్రాంత కాపరి, 2021 జూన్ 23

పై సోదరుడు సున్నితంగా రాశారు. మృతుల కోసం ప్రార్థించే విషయంలో మా సంఘాల ఉపదేశం వేరు, నేను దాన్ని మార్చి చెప్పలేను. కానీ ఒకటి మాత్రం ఒప్పుకుంటాను: మృతుల కోసం ప్రార్థించకూడదన్న జాగ్రత్తలో మేము దుఃఖించేవారికి మాటలే లేకుండా చేశాం. ఆదరణ కూడిక అని పేరు పెట్టి గంటసేపు ఉపదేశం చేస్తాం. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాట కూడా పలకకుండా అతనితో నేల మీద కూర్చున్నారు, నోరు తెరిచిన తరువాతనే తప్పులు మొదలయ్యాయి.

అమ్మా, పాట విషయం. ఆంక్షలు సడలిన తరువాత మీ సంఘపు గాయక బృందాన్ని సమాధి దగ్గరకు పిలవండి. ఆలస్యంగా పాడకూడదన్న నియమం ఎక్కడా లేదు. మన పల్లెల్లో పునరుత్థాన పండుగ తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు వెళ్లి పాడుకుంటాం కదా, ఏళ్ల క్రితం పోయినవారి దగ్గర కూడా. ఖమ్మం సోదరుడు నన్ను మందలించినది న్యాయమే. ఊపిరి అందనివాడికి వ్యాఖ్యానం పనికిరాదు.


తెనాలి కుమార్తె, 2021 జూన్ 27

అందరికీ వందనములు. జవాబులన్నీ మా అమ్మకు చదివి వినిపించాను. నర్సు చెల్లెలు రాసినది రెండుసార్లు చదివించుకుంది. చెయ్యి పట్టుకోవడం అన్నిసార్లూ కుదరలేదని నిజం చెప్పినందుకు ఆ అమ్మాయిని నమ్ముతానని అన్నది. ఖమ్మం సహోదరునికి ఒక మాట: నాన్నగారి పేరు ఇక్కడ రాయడం లేదు, కానీ మీరు ఆగే ఆ వచనం దగ్గర ఆయనతోపాటు కొత్తగూడెం యువకుణ్ణి మేమూ తలుచుకుంటాం.

నిన్న రాత్రి కుటుంబ ప్రార్థనలో, నాన్నగారు కూర్చునే కుర్చీ దగ్గర, 88వ కీర్తన బిగ్గరగా చదివాను. చదివినంతసేపూ ఎవరైనా వింటే ఏమనుకుంటారో అని వీధి తలుపు వైపు చూస్తూనే ఉన్నాను. చివరి మాట అయిపోయాక అలవాటు కొద్దీ తమ్ముడు "ఆమేన్" అనబోయి ఆగాడు. కొంతసేపు ఎవరమూ మాట్లాడలేదు. అప్పుడు నాకు నిజంగా ప్రార్థించినట్లు అనిపించింది.

తరువాత అమ్మ నా చేతిలో బైబిలు తీసుకుని, నేను మూసేస్తూ వస్తున్న ఆ పుటకు తానే తిప్పింది. నేను వద్దన్నాను. వినలేదు. 91వ కీర్తన మొదటి నుంచి చివరి వరకు తడబడకుండా చదివింది, ఒక్క చివరి వచనంలో "దీర్ఘాయువుచేత" అన్న దగ్గర ఆగింది. ముందరి పుటలో 90వ కీర్తనలో మన ఆయుష్కాలము డెబ్బది సంవత్సరములని ఉన్నది కదా, దాన్ని వేలితో చూపించి ఇలా అన్నది: "లెక్క ప్రకారం మీ నాన్నకు ఒక ఏడాది ఎక్కువే ఇచ్చాడు. నాకు చాలలేదు. ఆ సంగతి ఆయనతో రోజూ చెబుతాను, విననీ."

గాయక బృందంవారితో మాట్లాడాను. వచ్చే నెల మొదటి శనివారం సాయంత్రం, మాస్కులు పెట్టుకుని, దూరం దూరంగా నిలబడి పాడతామన్నారు. నాన్నగారి గొంతు ఉండే వరుసలో ఎవరూ నిలబడకుండా చోటు వదలాలా, ఎవరినైనా నిలబెట్టాలా అని అడిగారు. అమ్మ తమ్ముణ్ణి నిలబడమన్నది.